చేతికి సరిపడే బరువు

మన గోడ పత్రిక కిందటి సంచికలో నేను తీసిన కొంగ ఫోటో ఒకటి పెట్టారు, గుర్తుందా? గూటి అంచున నిలబడి మెడ వంచిన తెల్లటి కొంగ. చాలామంది బాగుందన్నారు. "ఎంత పెద్ద లెన్స్ పెట్టి తీశావే?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. నేను నవ్వి ఊరుకున్నాను. నిజం ఏమిటంటే, ఆ రోజు తీసిన 312 ఫోటోల్లో పనికొచ్చింది అదొక్కటే. అది కూడా ఒకరింటి పిట్టగోడ మీద కెమెరా ఆనించి తీసింది. మిగతా 311 ఎందుకు పోయాయో మా నాన్నకి మూడు నెలల దాకా చెప్పలేదు. ఈసారి ఏదైనా రాయమని మేడమ్ గారు అడిగినప్పుడు ఆ సంగతే రాద్దామనిపించింది.

మాది బరంపురం. స్టేషను బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉన్నా మా ఇంట్లో మాత్రం బరంపురమే. నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు ఒడియా. నాన్నతో తెలుగులో పోట్లాడతాను, అమ్మని ఒడియాలో బతిమాలతాను. నాన్నకి చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళకి కెమెరా మోసారు. రాత్రంతా నిలబడి, తెల్లారి అప్పగింతలు కూడా తీసి, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేవారు. రెండేళ్ళ కిందట ఎడమ భుజం పట్టేసింది. డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. ఇప్పుడు ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. పెళ్ళిళ్ళకి కుర్రాళ్ళని పంపి, తను స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్ట్ ఫోటోలు, ఆల్బమ్ పనులు చూసుకుంటున్నారు.

భుజం పట్టెయ్యకముందు ఆయన తన కోసం అంటూ కొనుక్కున్న వస్తువు ఒక్కటే ఉంది. నికాన్ 200-500 లెన్స్, సెకండ్ హ్యాండ్‌ది. పెళ్ళిలో దానితో పనే లేదు. పక్షుల కోసం కొన్నారు. మనకి చిలికా ఇంత దగ్గరలో ఉంది, చలికాలం వస్తే ఎక్కడెక్కడి పక్షులో అక్కడికి దిగుతాయి, బరంపురంలో పుట్టి వాటి ఫోటో తియ్యకపోవడమేమిటని ఆయన బాధ. నేను బి.ఎ.లో చేరిన రోజు ఆ లెన్స్‌ని, పాత నికాన్ డి7200 కెమెరాని నా ముందు పెట్టి, "ఇంక ఇవి నీవమ్మా" అన్నారు. మా బంధువుల్లో ఒకాయన అక్కడే ఉన్నాడు. "ఆడపిల్లకి అదెందుకండీ, మొయ్యగలదా?" అన్నాడు. నాన్న వెంటనే, "మా అమ్మాయి మోస్తుంది" అన్నారు.

ఆ మాట నాకు లెన్స్ కన్నా బరువైపోయింది.

సెప్టెంబరులో తేలుకుంచి వెళ్ళాను. బరంపురం నించి ఇచ్ఛాపురం దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. ఇచ్ఛాపురంలో మా చిన్నత్త ఉంటుంది, తను తోడొచ్చింది. తేలుకుంచిలో వానాకాలం వస్తే ఊరి చెట్ల నిండా ఓపెన్‌బిల్ కొంగలు గూళ్ళు కడతాయి. ఊళ్ళోవాళ్ళు సైబీరియా పక్షులంటారు గానీ వీటికి సైబీరియాతో సంబంధం లేదు. ఇవి మన దేశంలోను, చుట్టుపక్కల దేశాల్లోను ఉండే కొంగలే. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, అందుకే ఆ పేరు. పొలాల్లో నత్తలు ఏరుకుని తింటాయి. అవి వస్తే వానలు బాగా పడతాయని ఊరివాళ్ళ నమ్మకం. ఎవరూ వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. ఇళ్ళ మీద, వాకిళ్ళలో రెట్టలు పడుతున్నా ఓర్చుకుంటారు.

అక్కడ పక్షి దొరకడం కష్టం కాదు. తల ఎత్తితే చాలు, పక్షే. కష్టమంతా ఆ తల ఎత్తడంలోనే ఉంది. గూళ్ళు చెట్ల కొసల్లో ఉంటాయి. ఇరుకు సందు, ఆవులు, సైకిళ్ళు, బడికెళ్ళే పిల్లలు. స్టాండు వేసే చోటు లేదు. కెమెరా, లెన్స్ కలిపి మూడు కిలోలు దాటుతుంది: లెన్స్ 2,300 గ్రాములు, బ్యాటరీతో కలిపి కెమెరా 765. దాన్ని కంటి దగ్గర పెట్టుకుని ఆకాశం వైపు ఎత్తి నిలబడాలి. పైగా జూమ్ చేస్తే గొట్టం ముందుకి సాగుతుంది. సాగిన కొద్దీ బరువు ఎడమ అరచెయ్యి దాటి ముందుకి జరుగుతుంది. అదే మూడు కిలోలు, ఇంకా ఎక్కువైనట్టు లాగుతుంది.

ఒక గూట్లో రెండు పిల్లలున్నాయి. తల్లి కొంగో తండ్రి కొంగో పొలం వైపు నించి వచ్చి వాలింది. ఇప్పుడే తిండి పెడుతుందని కెమెరా ఎత్తాను. అది వెంటనే పెట్టలేదు. ఈకలు సర్దుకుంది, ఒక పుల్ల అటు నించి ఇటు మార్చింది, చుట్టూ చూసింది. నా చేతులు వణకడం మొదలైంది. ముందు మణికట్టు, తరవాత మోచెయ్యి, తరవాత మెడ. ఇంకో పది సెకన్లు, ఇంకో పది సెకన్లు అని లెక్కపెట్టుకున్నాను. ఇంక పట్టలేక దించిన క్షణంలోనే అది వంగి పిల్లల ముందు తిండి కక్కింది. గబుక్కున ఎత్తి నొక్కాను. వచ్చినవన్నీ తెల్లటి మసక.

చిన్నత్త నా చేతులు చూసి, "ఏటే, అలా వణికిపోతందేటి చెయ్యి! మీ నాన్నకి చెప్పొచ్చు కదే, ఇంత బరువు నావల్ల కాదని" అంది.

ఇంటికొచ్చాక నాన్న అడిగారు, ఎలా వచ్చాయని. "పక్షులు బాగా ఎత్తులో ఉన్నాయి నాన్నా, సరిగ్గా దొరకలేదు" అన్నాను. ఆ ఒక్క ఫోటో చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూసి, "పదును చూడమ్మా, కన్ను ఎంత బాగా పడిందో" అన్నారు. లెన్స్‌ని మెచ్చుకున్నారు. ఆ మెప్పు న్యాయమే, చాలా మంచి లెన్స్ అది. గోడ మీద ఆనిస్తే.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆ బంధువు మాట నిజమైపోతుంది. ఆడపిల్ల మొయ్యలేదు అన్నాడు, మొయ్యలేకపోయింది. నాన్న అన్న మాట అబద్ధమైపోతుంది. అందుకని అక్టోబరు, నవంబరు రెండు నెలలూ ఏదో ఒక వంక చెప్పాను. ఇంటర్నల్స్ ఉన్నాయన్నాను, మబ్బుగా ఉందన్నాను, తోడు ఎవరూ లేరన్నాను. లెన్స్ బీరువాలో ఉండిపోయింది.

ఆ రెండు నెలల్లో నేను చేసిన మంచి పని ఒకటుంది. బరువు ఎక్కణ్ణించి వస్తుందో చదివాను. లెక్క చాలా చిన్నది. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగిస్తే, వెలుతురు లోపలికి వచ్చే దారి ఎంత వెడల్పుండాలో మిల్లీమీటర్లలో వస్తుంది. 500ని 5.6తో భాగిస్తే సుమారు 89. అందుకే మా లెన్స్‌కి ముందు పెట్టే ఫిల్టరు 95 మిల్లీమీటర్లది. 400ని 6.3తో భాగిస్తే 63 చిల్లర. ఆ లెక్కన వచ్చే సిగ్మా 100-400 లెన్స్‌కి 67 మిల్లీమీటర్ల ఫిల్టరు సరిపోతుంది. అదే 600ని 4తో భాగిస్తే 150. పెద్ద పత్రికల ఫోటోగ్రాఫర్ల దగ్గర కనిపించే తెల్ల ఏనుగుల్లాంటి లెన్స్‌లవి. నికాన్ వాళ్ళ 600 ఎఫ్4 ఒకటి 3.8 కిలోలుంటుంది. గాజు వెడల్పు పెరిగితే మందం కూడా పెరగాలి, దాన్ని పట్టుకునే గొట్టం కూడా లావవ్వాలి. అందుకే వెడల్పు కొంచెం పెరిగితే బరువు చాలా పెరుగుతుంది.

అంటే తేలికైన లెన్స్ కావాలంటే మూడు దారులున్నాయి. ఒకటి, దూరం కొంచెం వదులుకోవడం. రెండు, వెలుతురు కొంచెం వదులుకోవడం. కెనాన్ వాళ్ళు 2020లో తెచ్చిన 600 ఎఫ్11 లెన్స్ 930 గ్రాములే, కానీ ఎఫ్11 అంటే ఎండ బాగా ఉండాలి. మూడోది, డబ్బు వదులుకోవడం. నికాన్‌లో పి.ఎఫ్. అనే రకం లెన్స్‌లున్నాయి. పి అంటే ఫేజ్, ఎఫ్ అంటే ఫ్రెనెల్. మన గోపాల్‌పూర్‌లో ఉన్నట్టు సముద్రపు ఒడ్డున లైట్‌హౌస్‌లుంటాయి కదా, వాటి కోసం మెట్లు మెట్లుగా కోసిన పల్చటి అద్దం కనిపెట్టిన ఫ్రెంచి ఆయన పేరు అది. ఆయన పేరుతో వచ్చిన ఆ ప్రత్యేకమైన గాజు వాడితే లెన్స్ పొట్టిగా, తేలిగ్గా అవుతుంది. 300 ఎఫ్4 పి.ఎఫ్. 755 గ్రాములే, 500 ఎఫ్5.6 పి.ఎఫ్. 1,460 గ్రాములు. వాటి ధర చూసి ఆ పేజీ మూసేశాను. మాకు మిగిలింది మొదటి దారే.

కాగితం మీద గ్రాములు చూస్తే చేతికి ఏమీ తెలియదు. అందుకని నీళ్ళ సీసాలు పట్టుకున్నాను. రెండు లీటర్ల సీసా నింపితే రెండు కిలోలు. దానికి ఒక లీటరు సీసా తాడుతో కడితే మూడు. కెమెరా పట్టుకున్నట్టే ఎడమ అరచెయ్యి కింద, కుడి చెయ్యి వెనక, మోచేతులు పక్కటెముకలకి ఆనించి, సీసా కంటి ఎత్తులో పెట్టి గడియారం చూశాను. మూడు కిలోలతో 45 సెకన్లకి వణుకు మొదలైంది. రెండు కిలోలతో రెండు నిమిషాలు దాటింది. వారం రోజులు రోజూ చేశాను. మూడు కిలోలు 45 నించి 55కి వచ్చింది గానీ నిమిషం దాటలేదు. పక్షులు నిమిషంలో పని ముగించుకోవు.

ఒకరోజు వంటింట్లో అలా నిలబడి ఉంటే అమ్మ వచ్చింది. "కణ కరుఛు?" అంది, ఏం చేస్తున్నావని. నేను ఏదో అబద్ధం చెప్పబోయి ఆగిపోయాను. సీసాలు గట్టు మీద పెట్టి మొత్తం చెప్పేశాను, తేలుకుంచి నించి మొదలుపెట్టి. అమ్మ ఆ కట్టిన సీసాలు తీసి తనూ పట్టుకుని చూసింది. "ఏతే ఓజన!" అని దించేసింది. తరవాత చేతులు తుడుచుకుంటూ అన్న మాట నేను మర్చిపోలేదు. "నీళ్ళ బిందె మొయ్యలేకపోతే రెండుసార్లు వెళ్తాం. అందులో సిగ్గెందుకు? మీ నాన్నకి చెప్పు."

ఆ రాత్రి అన్నాలయ్యాక చెప్పాను. సీసాలు కూడా తెచ్చి చూపించాను. నాన్నకి కోపం రాలేదు, కానీ వెంటనే ఒప్పుకోలేదు కూడా. పాస్‌పోర్ట్ ఫోటోలు పెట్టే కవరు ఒకటి తిప్పి వెనక లెక్క రాశారు. "500లో పక్షికి ఫోటోలో వంద గడుల చోటు దొరికిందనుకో. 400లో 64 గడులే. మూడో వంతు పైనే పోతుంది. తరవాత కత్తిరించి పెద్దది చేస్తే ఈక మీద గీత కనపడదు. లెన్స్ తగ్గితే పక్షి తగ్గుతుందమ్మా."

ఆ లెక్క తప్పు కాదు. నేను కాదనలేదు. "నాన్నా, వణికిన వంద గడుల కన్నా నిలకడగా ఉన్న 64 నయం కదా?" అన్నాను.

"వి.ఆర్. ఉంది కదా లెన్స్‌లో, వణుకు ఆపడానికి."

"చెయ్యి కొంచెం అదిరితే ఆపుతుంది. చెయ్యి ఓడిపోతే ఏమాపుతుంది? పక్షి కదిలితే దాన్ని కూడా ఆపదు. దానికి షట్టర్ వేగమే కావాలి. అసలు నేను పక్షి వచ్చేసరికి కెమెరా దించేసి ఉంటున్నాను, వి.ఆర్. ఏం చేస్తుంది?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగారు, "నేను దీంతో చిలికాకి ఎన్నిసార్లు వెళ్ళానో తెలుసా?"

"రెండుసార్లు."

"రెండోసారి సంచిలోంచి బయటికి తియ్యలేదు."

"మరి వెలుతురు బాలేదని చెప్పారు కదా?"

"మీ అమ్మకి అలా చెప్పాను. అప్పటికే భుజం లాగేస్తోంది. డబ్బు పోసి కొన్నాను, ఎత్తలేకపోయానని ఎలా చెప్పను?"

నేను పక్షులు ఎత్తులో ఉన్నాయన్నాను. ఆయన వెలుతురు బాలేదన్నారు. ఒకే లెన్స్, ఇద్దరి అబద్ధాలు. అమ్మ గిన్నెలు సర్దుతూ, ఇద్దరూ ఇద్దరేనని ఒడియాలో గట్టిగానే అంది.

డిసెంబరులో భువనేశ్వర్ వెళ్ళి ఒక షాపులో అడిగాం, పెద్దది ఇచ్చి చిన్నది తీసుకుంటామని. అక్కడ ఇంకో చిన్న పరీక్ష ఎదురైంది. కౌంటర్లో ఉన్నాయన నన్ను చూసి, "మేడమ్ కోసమా? అయితే లైట్ వెయిట్ చూపిస్తాను, లేడీస్‌కి అదే బాగుంటుంది" అన్నాడు. నాకు తల తిరిగిపోయింది. సిగ్మా 100-400 కోసమే వెళ్ళిన నేను, "ఆ 150-600 చూపించండి" అన్నాను. అది కూడా సుమారు 1.9 కిలోలు. ఎత్తాను, జూమ్ చేశాను, గుమ్మం బయట సైన్‌బోర్డు మీద ఫోకస్ చేశాను. ఇదే కొనేద్దామనిపించింది, ఆయన మొహం చూడ్డానికి. నాన్న ఏమీ అనలేదు, పక్కన నిలబడ్డారు. ముప్పై సెకన్లు దాటాక మణికట్టు చెప్పాల్సింది చెప్పేసింది.

నేను ఎవరికి జవాబు చెప్పడానికి లెన్స్ కొంటున్నాను? ఒకసారి బంధువుకి జవాబుగా మూడు నెలలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని షాపాయనకి జవాబుగా ఇంకో రెండేళ్ళా? తేలిక లెన్స్ ఆడవాళ్ళ కోసం చేసింది కాదు. నడిచేవాళ్ళ కోసం, పడవెక్కేవాళ్ళ కోసం, నడుం నొప్పి ఉన్నవాళ్ళ కోసం, అరవై దాటినవాళ్ళ కోసం, మా నాన్న భుజం కోసం కూడా చేసింది. ఆయన మాట తప్పయినంత మాత్రాన నా చెయ్యి తప్పు కాదు. 150-600 తిరిగి ఇచ్చేసి, 100-400 అడిగాను. 1,160 గ్రాములు. మా కెమెరాతో కలిపితే 1,925. నా రెండు లీటర్ల సీసాకి కాస్త తక్కువే. పెద్దది ఇస్తే చిన్నది వచ్చి కొంత డబ్బు కూడా మిగిలింది. అది నాన్న ఫిజియోథెరపీకి అని అమ్మ అక్కడికక్కడే తీసేసుకుంది.

జనవరిలో మంగళాజోడి వెళ్ళాం, నేనూ నాన్నా. చిలికాకి ఈశాన్యపు అంచున, టాంగీ దగ్గర ఉంది ఆ ఊరు. చిలికా 1981లోనే రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన సరస్సు. మంగళాజోడి మాత్రం ఒకప్పుడు పక్షుల వేటకి పేరుపడ్డ ఊరు. 2000 ప్రాంతంలో ఆ వేటగాళ్ళే మనసు మార్చుకుని పక్షులకి కాపలా కాయడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్ళే పడవల్లో తిప్పి చూపిస్తారు. ఏ రెల్లు వెనక ఏ పక్షి కూర్చుంటుందో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఎందుకు తెలుసో వేరే చెప్పక్కర్లేదు.

మోటారు లేని పడవ. మౌసా వెనక నిలబడి వెదురు గడతో నెమ్మదిగా తోస్తున్నాడు. నేను లేచి నిలబడబోతే "ధీరే మా, ధీరే" అన్నాడు. అప్పుడర్థమైంది ఇక్కడ స్టాండు ఎందుకు పనికిరాదో. పడవ కదిలితే స్టాండు కదులుతుంది, స్టాండు కదిలితే కెమెరా కదులుతుంది. మనిషి చేతుల్లో ఉంటే నడుము, భుజాలు ఆ కుదుపుని కొంత మింగేస్తాయి. కూర్చుని, మోకాలు పైకి మడిచి, దాని మీద ఎడమ మోచెయ్యి ఆనించి, ఊపిరి సగం వదిలి నొక్కాలి. పక్షి లేనప్పుడు కెమెరా ఒళ్ళోనే ఉండాలి, మెడకి వేలాడకూడదు. ఇవన్నీ నాన్న చెప్పారు.

పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. సూర్యోదయానికి ముందు తీసినవన్నీ గింజలు గింజలుగా వచ్చాయి. ఐ.ఎస్.ఓ. 6400 దాకా పెంచాల్సి వచ్చింది. దానికి పెద్ద లెన్స్ ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదు, ఎఫ్5.6కి ఎఫ్6.3కి మధ్య మూడో వంతు స్టాపే తేడా. కానీ దూరంగా బురదలో గాడ్‌విట్‌లు వందల కొద్దీ మేస్తుంటే, 400లో అవి చల్లిన మినుముల్లా కనిపించాయి. అప్పుడు మాత్రం పాత లెన్స్ గుర్తొచ్చింది. నాన్నకీ గుర్తొచ్చే ఉంటుంది, ఏమీ అనలేదు.

ఎండ కాస్త ఎక్కాక మార్ష్ హారియర్ అనే గద్ద ఒకటి రెల్లు మీదుగా తక్కువ ఎత్తులో వచ్చింది. ఆ మేస్తున్న గాడ్‌విట్‌లన్నీ ఒక్కసారి లేచాయి. రెక్కల మీది తెల్ల చార, తోక చివర నల్ల పట్టీ, అన్నీ ఒకేసారి తిరిగితే నీళ్ళ మీద ఎవరో దుప్పటి దులిపినట్టుంది. నేను కెమెరా ఎప్పుడు ఎత్తానో నాకే తెలియదు. సెకనులో రెండు వేలో వంతు పెట్టి తొమ్మిది ఫోటోలు తీశాను. మూడు పదునుగా వచ్చాయి. మూడు కిలోలది ఒళ్ళోంచి ఎత్తేలోపు ఆ గుంపు మళ్ళీ దిగిపోయి ఉండేది.

తరవాత పడవకి దగ్గర్లో స్వాంప్‌హెన్ అనే ఊదారంగు నీటికోడి కనిపించింది. ఎర్ర ముక్కు, పొడుగు వేళ్ళు. రెల్లులోంచి బయటికి వస్తుందా రాదా అని కెమెరా కంటికి పెట్టుకుని ఎదురుచూశాను. రెండు నిమిషాలు ఉండొచ్చు. తేలుకుంచిలో లాగే నాకు తెలియకుండా లోపల సెకన్లు లెక్కపెట్టుకుంటున్నాను. చెయ్యి వణకలేదు. లెక్క మర్చిపోయాను. పక్షిని చూడ్డం మొదలుపెట్టాను. కెమెరా పట్టుకుని పక్షిని నిజంగా చూసింది అదే మొదటిసారి.

అప్పుడు నాన్న వెనక నించి, "ఇలా ఇయ్యి ఓసారి" అన్నారు.

ఇచ్చాను. ఎడమ చెయ్యి ఎత్తలేరు కదా, మోకాలు మడిచి దాని మీద మోచెయ్యి పెట్టుకుని, తలనే కిందికి వంచి కెమెరా దగ్గరికి తెచ్చుకున్నారు. పక్షి నీటిమట్టంలోనే ఉంది కాబట్టి చెయ్యి పైకెత్తక్కర్లేదు. మౌసా గడ గుచ్చి పడవని ఆపి పట్టుకున్నాడు. నీటికోడి బయటికొచ్చింది. ఒక మొక్క కాడ పీకి, మనం చెరుకు ముక్క పట్టుకున్నట్టు కాలి వేళ్ళతో పట్టుకుని కొరికింది. టక్, టక్, టక్. మూడే. పెళ్ళి ఫోటోగ్రాఫరు కదా, వృథాగా నొక్కరు.

మూడూ నావాటికన్నా బాగా వచ్చాయి. పక్కన అతికించిన ఫోటో వాటిలో ఒకటే. కిందటిసారి పెట్టిన కొంగ నాది, ఈసారి నీటికోడి మా నాన్నది. ఎవరైనా ఎంత పెద్ద లెన్స్ అని అడిగితే ఈసారి చెబుతాను, 400 అని, 1,160 గ్రాములని.

మీలో ఎవరికైనా పక్షుల ఫోటోలు తియ్యాలని ఉంటే, ఇంట్లో ఉన్న కెమెరాతోనే మొదలుపెట్టండి. లెన్స్ కొనేముందు మాత్రం ఎవరు ఏమన్నా వినకుండా ఒక సీసాలో నీళ్ళు నింపి, కెమెరా, లెన్స్ రెండూ కలిసి ఎంతవుతాయో అంత బరువు రెండు నిమిషాలు కంటి ఎత్తులో పట్టుకుని చూడండి. లెన్స్ బరువొక్కటే చూసి మోసపోకండి. ఇంట్లోవాళ్ళు ఏం చేస్తున్నావని అడిగితే నిజం చెప్పండి. మా ఇంట్లోలా ఇంకెవరైనా అదే నిజం దాచుకుని ఉండొచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో వేరే గొడవ నడుస్తోంది. ఆదివారం వస్తే లెన్స్ ఎవరిదని. "మీరే నాకిచ్చారు కదా" అంటే, "నేనిచ్చింది 200-500 కదమ్మా" అంటున్నారు.

— బి.ఎ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని